జీల్డో నోట ఇటాలియన్

మా ఆయన పూర్తి పేరు ఎర్మెనెజిల్డో బుసెత్తో. అంత పేరూ ఒక్కసారిగా వాడింది ఇద్దరే. ఒకరు నెత్తిన నీళ్ళు పోసి పేరు పెట్టిన పాదిరీ, రెండోవాడు ఆయన పోయినప్పుడు గోడలకి అంటించే కాగితం అచ్చువేసినవాడు. మధ్యలో ఉన్న కాలమంతా జీల్డోనే. వెనిస్ పక్కన మా పెల్లెస్త్రీనా దీవిలో వీధికి ఈ కొసన బుసెత్తో అని కేకేస్తే ఆ కొసదాకా తలలు తిరుగుతాయి. అందుకని ప్రతి ఇంటికీ ఓ ఎగతాళి పేరు తగిలించుకున్నాం. మా అత్తారిది "మాడిన మూకుడు" వాళ్ళిల్లు. ఏ ముత్తవ్వో చేపలు మాడబెట్టిందట. నేను కాపురానికొచ్చాక ఆ పేరు చెడకుండా కాపాడానని ఆయన అందరితో చెప్పేవాడు.

చదువు ఆయనకి మూడో తరగతితో సరి. పంతులమ్మ ఫ్లారెన్స్ పక్కనుంచి వచ్చింది. మావాడు నోరు తెరిస్తే చాలు, చెవులు మూసుకునేది. "అది భాష కాదు నాయనా, చెడిపోయిన ఇటాలియన్" అనేది. మావాడు ఆ మాట మరచిపోలేదు. చేపలు కుళ్ళితే చెడిపోతాయి గానీ మాటెలా చెడిపోతుందని, తలనెరిసిన తర్వాత కూడా సారాకొట్లో కూర్చుని వాదించేవాడు, పాపం పంతులమ్మ ఎప్పుడో పోయినా.

పెళ్ళికి ముందు సరుకు ఓడల్లో తిరిగాడు. బార్సిలోనాలో చెప్పులు కొన్నాడు, మార్సేలో చెంపదెబ్బ తిన్నాడు, రుమేనియా రేవు కొన్‌స్తాంత్సాలో పన్ను పీకించుకున్నాడు. అన్నీ మా దీవి మాటతోనే. ఎక్కడా ఇబ్బంది పడలేదట. ఒక్క ఫ్లారెన్స్‌కి మాత్రం వెళ్ళలేదు. వెళితే దుబాసీని పెట్టుకోవాలనేవాడు.

ఓడ దిగొచ్చాక ఆయనకో సిద్ధాంతం పుట్టింది. పెళ్ళైన కొత్తలో, నేను పొలెంతా, అదే మొక్కజొన్న సంకటి, కలుపుతుంటే వెనక నిలబడి చెప్పాడు.

"చూడవే, రోములో ఒక ముసలామె ఉండేది. లాటిన్. మహా గయ్యాళి, లోకమంతా తన మాటే వినాలి. ఆమె కాస్తా పోయింది. కూతుళ్ళు ఇల్లు పంచుకున్నారు. స్పెయినామె వంటిల్లు లాక్కుంది, అందుకే అంత గొంతు. ఫ్రెంచామె అద్దం పట్టుకుపోయింది. ఇప్పటికీ దాని ముందే నిలబడి మూతి చుడుతూ ఉంటుంది. పోర్చుగీసు పిల్ల కిటికీ పక్కన కూర్చుంది, చలిగాలికి నోరు తెరవదు. రుమేనియా ఆమెని దూరానికిచ్చి పెళ్ళి చేశారు. చుట్టూ పరాయివాళ్ళే, అయినా పుట్టింటి మాట వదల్లేదు. సార్దీనియా ఆమె ముసలామె నగలు దిగేసుకుని, ఇవాళ్టికీ తీయకుండా తిరుగుతోంది."

"మరి ఇటాలియనో?"

"ఫ్లారెన్స్‌లో ఉండే చెల్లెలు. నాలుగు పుస్తకాల్లోకి ఎక్కింది, తాళాలగుత్తి బొడ్లో దోపుకుంది. మనమూ నేపుల్స్ వాళ్ళూ మిలాన్ వాళ్ళూ ఆమెతో పుట్టినవాళ్ళమే గానీ ఆమెకి పుట్టినవాళ్ళం కాదు. ఆ పంతులమ్మేమో మనల్ని ఆమె పెంటమీద పారేసిన పిల్లల్లా చూసింది. గరిటె ఆపావేం? అడుగంటుతుంది!"

అంటింది కూడా. ఈ కథలో నిజమెంతో నాకు తెలీదు, నేను చదివింది అయిదు. అక్కచెల్లెళ్ళ పంపకాల సంగతి మాత్రం తెలుసు. మా పుట్టింట్లో ఒక్క రాగి బిందెకోసం మా పిన్నులు చచ్చేదాకా మాట్లాడుకోలేదు.

గుడికి మాత్రం తప్పకుండా వచ్చేవాడు, చివరి బల్లమీద కునుకు తీయడానికి. పూజ లాటిన్‌లో ఉన్నప్పుడు హాయిగా నిద్రపోయేవాడట. ఇటాలియన్‌లోకి మార్చాక ముక్కలు అర్థమై మెలకువ వచ్చేసేదని ఫిర్యాదు. ఒకసారి మా పాదిరీ దోన్ సెవెరీనోతో గుమ్మంలోనే అన్నాడు: "అయ్యా, పాపం దేవుణ్ణి అన్ని వందల ఏళ్ళు లాటిన్‌తో విసిగించారు, ఇప్పుడు ఇటాలియన్‌తో. మనిషి మాట ఆయన ఇంకెప్పుడు వింటాడు?" దోన్ సెవెరీనో నవ్వాపుకుని "జీల్డో, నీ మాట విననందుకే ఆయన ఇంకా దేవుడిగా ఉన్నాడు" అన్నాడు.

మా దీవిలో ఇటాలియన్ ఎవరికీ రాదని కాదు. అందరికీ వచ్చు, చలికోటులాగా. అవసరమైనప్పుడే తొడుగుతాం. డాక్టరు దగ్గర, రేవు కార్యాలయంలో, దారితప్పిన యాత్రికులతో, ఇంకా బడిలో వెనకబడకూడదని చంటిపిల్లలతో. ఆ చంటివాడే గోడెక్కి పడబోతే ఇటాలియన్ ఎక్కడిదక్కడ పోయి, అసలు మాట తన్నుకొస్తుంది.

ఇంకో వాడకం ఉంది. మనిషితో తెగతెంపులు చేసుకోవడానికి. మా అన్న ఎన్నియో, మా ఆయన ఒకే పడవలో పెరిగారు. పడవ కట్టుకునే గుంజ దగ్గర మాటామాటా వచ్చింది. తిట్టుకున్నారు, బుట్టలు విసురుకున్నారు. అంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు, అది మామూలే. మర్నాడు పొద్దున మా ఆయన టోపీ తీసి, గొంతు సవరించుకుని, ఇటాలియన్‌లో అన్నాడు: "శుభోదయం, ఎన్నియో గారూ." రేవు మొత్తం చేతిలో పని ఆపేసింది. మా వదిన ఇంటికెళ్ళి ఏడ్చింది. మళ్ళీ వాళ్ళు కలిసి పడవెక్కింది మా అన్న కొడుకు పెళ్ళిలోనే, అది కూడా తాగి.

ఇది అందరికీ తెలిసిన పద్ధతి. ఎవరూ ఎవరికీ నేర్పరు. అందుకే స్మరంద విషయంలో అంత గొడవయింది.

స్మరంద రుమేనియా పిల్ల. మా పక్కింటి సియోరా జైరా, అంటే జైరా అమ్మగారు, మంచం పట్టినప్పుడు చూసుకోవడానికి వచ్చింది. వచ్చేటప్పటికే ఇటాలియన్ శుభ్రంగా వచ్చు, టీవీలో నేర్చుకుందట. సియోరా జైరాకి ఇటాలియన్ అంటే గిట్టదు. అందుకని పిల్ల రెండు చలికాలాలు తిరిగేసరికి మా మాట పట్టేసింది, అందులోని మురికితో సహా. గుమ్మాల ముందు కుర్చీలేసుకుని లేసు అల్లే ఆడవాళ్ళ మధ్య తనూ కుర్చీ వేసుకునేది. ఎవరింటి ఎగతాళి పేరు ఏమిటో, ఎవరు ఎవరితో ఇటాలియన్‌లో మాట్లాడుతున్నారో అన్నీ ఆమెకి తెలుసు.

మా అబ్బాయి లోరిస్, ఆ పిల్లా ఇష్టపడ్డారు. ఈస్టర్ తర్వాత పెళ్ళి, పైఅంతస్తులో కాపురం. నాకు సంతోషమే. ఇంట్లో మూకుడు మాడబెట్టే చేతులు ఇంకో రెండు వస్తున్నాయనుకున్నాను. మా ఆయన మాత్రం ఆ పిల్ల మొదటిసారి గడప తొక్కగానే టోపీ తీసి, వంగి, ఇటాలియన్‌లో మొదలెట్టాడు:

"శుభోదయం. దయచేసి ఆసీనులు కాగలరు."

నేను గిన్నె కింద పెట్టేశాను. పిల్ల ముఖం తెల్లబోయింది. కూర్చుంది.

"నేడు ఆకాశము పాక్షికముగా మేఘావృతమై యున్నది" అన్నాడు మా ఆయన. తర్వాత చెప్పడానికేమీ లేక పడవ దగ్గరికి వెళ్ళిపోయాడు.

అక్కడనుంచి అదే వరస. పిల్లితో మా మాట, గోడమీది కాకితో మా మాట, కోసేస్తున్న చేపతో కూడా మా మాటే. స్మరంద వస్తే మాత్రం మేఘాలు, గాలివేగం, సముద్రమట్టం. అది కూడా రెండు ముక్కలే. ఎందుకంటే ఆయనకి వచ్చిన ఇటాలియన్ అంతా రేవు కార్యాలయం నోటీసు బోర్డుది, టీవీలో వాతావరణ వార్తలది. ఆ పిల్ల మా మాటలో జవాబిచ్చినా ఈయన ఇటాలియన్ మీంచి దిగేవాడు కాదు. మూడో ముక్కకి చెమటలు పట్టేవి, పారిపోయేవాడు.

వీధి ఊరుకుంటుందా? "జీల్డోకి కోడలు నచ్చలేదు" అని లేసు దారంతో పాటు ఆ మాటా అల్లేశారు. సియోరా జైరా మంచంలోంచే తీర్పు చెప్పింది: "ఎన్నియోకి పట్టిన గతే నీకూ పట్టిందే పిల్లా."

ఒకరోజు స్మరంద నా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చింది. ఉల్లిపాయలవల్ల అనుకున్నాను. అన్నీ అయిపోయినా ఏడుపు ఆగలేదు.

"సియోరా, ఆయనకి నేనక్కర్లేదు."

"ఛ! ఎవరన్నారు?"

"ఆయనే అంటున్నాడుగా, నోరు తెరిచినప్పుడల్లా. పిల్లికైనా మీ మాట దక్కుతోంది. నాకు మాత్రం పన్నులాఫీసు భాష. నేనేం చేశాను? రుమేనియాదాన్ననా? ముసలివాళ్ళ ముడ్లు కడుగుతాననా?"

"మా ఆయన ముడ్డీ రేపు కడగాల్సిందేనే, దానికి చిన్నతనం ఏముంది?"

ఆమె నవ్వలేదు. "ఆయన వద్దనుకున్న ఇంట్లో నేనుండలేను. పదోవ ఊళ్ళో మా అక్క ఉంది. ఈ ఆదివారం భోజనానికి వస్తాను. ఆయన నోట ఒక్క మాట, మామూలు మాట వస్తే ఉంటాను. లేకపోతే అటునుంచటే పడవెక్కేస్తాను. లోరిస్‌కి కూడా చెప్పేశాను."

ఆ సాయంత్రం మా ఆయన్ని నిలదీశాను. ఆయన నీలం బకెట్టు మీద కూర్చుని పీతలు ఏరుతున్నాడు. పెంకు విడిచే రోజులు. మెత్తబడినవి ఒక పక్క, ఇంకా పౌరుషం తగ్గనివి ఒక పక్క.

"ఏమయ్యా, ఆ పిల్లతో మన మాటలో మాట్లాడితే నీ సొమ్మేం పోతుంది?"

"ఛీ! ఏ నోటితో? ఈ నోటితోనా?" అని నోరు తెరిచి చూపించాడు, అదేదో బురద కాలవ అయినట్టు. "నాకు వచ్చిందంతా పడవ మాటే. బూతు లేకుండా నేను తాడు కూడా అడగలేను. పరాయి ఊరి పిల్ల, ఆడపిల్ల, రేపు నా మనవలకి తల్లి. అంత కష్టపడి ఇటాలియన్ నేర్చుకుంది. దాంతో నేను రేవులో కూలీతో మాట్లాడినట్టు మాట్లాడనా? గౌరవం ఉండొద్దూ?"

"గౌరవం ఎక్కువై చస్తోందయ్యా ఆ పిల్ల. నీకు తను నచ్చలేదనుకుంటోంది."

"నచ్చలేదా!" పీత వేలు కొరికినా గమనించలేదు. "సరే. ఆదివారం సరిగ్గా చెప్తాను, మంచి ఇటాలియన్‌లో. వార్తలవాడు కూడా కుళ్ళుకోవాలి."

వద్దు మహానుభావా అని బతిమాలాను. వినలేదు. శనివారమంతా గడ్డం గీసుకుంటూ, వలలు బాగుచేసుకుంటూ ఏదో గొణిగాడు. పిల్లి భయపడి పైకెక్కింది.

ఆదివారం బల్లమీద సార్దీన్ చేపలు, ఉల్లిపాయ వేసి ఊరబెట్టినవి, తెల్ల పొలెంతా, మధ్యలో వేయించిన మెత్తపీతలు. పీతలు ఆయనే వేయించాడు. బతికుండగానే గుడ్డుసొనలో వేసి, అవి తాగినంత తాగనిచ్చి, పిండి అద్ది నూనెలో వేయాలి. అది నా చేతికి వదిలేవాడు కాదు. స్మరంద నీలం గౌను వేసుకొచ్చింది. చేతిసంచీ గుమ్మం పక్కన పెట్టడం చూశాను. ఆదివారం భోజనానికి అంత సంచీ ఎవరూ తేరు.

మా ఆయన గ్లాసు పట్టుకుని లేచాడు. చొక్కా మెడలో నాప్కిన్ దోపుకుని ఉన్నాడు.

"గౌరవనీయులైన కుమారి స్మరంద గారికి, ఈ కుటుంబ సభ్యులందరి తరఫున తెలియజేయునది ఏమనగా..."

లోరిస్ ఫోర్కు కింద పెట్టేశాడు.

"...ప్రస్తుత పరిస్థితుల దృష్ట్యా, తమ రాకను..." అక్కడ ఆగిపోయాడు. మాట దొరకలేదు. చెవులు ఎర్రబడ్డాయి. పైకప్పు చూశాడు, పీతల్ని చూశాడు. రేవు కార్యాలయం ఆదుకుంది. "...తమ రాకను గమనించడమైనది. శుభసాయంత్రం."

మధ్యాహ్నం గంట అప్పుడే కొట్టింది.

స్మరంద నెమ్మదిగా లేచింది. "మీ అభిప్రాయం పూర్తిగా అర్థమైనది. ఆతిథ్యానికి ధన్యవాదములు" అంది. అంత చక్కటి ఇటాలియన్ మా ఇంట్లో అంతకుముందు ఎవరూ మాట్లాడలేదు. సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. లోరిస్ వెనకాల పరిగెత్తి, పోయినంత వేగంగా తిరిగొచ్చాడు. "నువ్వు రాకు, నన్ను వద్దన్నది నువ్వు కాదు కదా అంది" అని కుర్చీలో కూలబడ్డాడు.

మా ఆయన ఇంకా గ్లాసు పట్టుకునే ఉన్నాడు. "ఏం తప్పు చెప్పానే? తప్పుల్లేవే!"

"ఎన్నియోకి చెప్పినట్టు చెప్పావు" అన్నాను.

"ఎన్నియోకి... ఆ సంగతి ఆ పిల్లకెలా తెలుసు?"

"రుమేనియాలో ఉన్న వాళ్ళ అమ్మక్కూడా తెలిసుంటుంది."

గ్లాసు పెట్టాడు. ఆయన ముఖం అలా పడిపోవడం నేను అంతకుముందు ఒక్కసారే చూశాను, వాళ్ళమ్మ పోయినప్పుడు. మరుక్షణం ఇంటి చెప్పుల్లోనే, మెడలో నాప్కిన్‌తోనే బయటికి పరిగెత్తాడు. నేను పొయ్యి ఆర్పి వెనకాలే వెళ్ళాను.

పదోవకి పోవాలంటే ముందు కియోజ్జా వెళ్ళాలి, ఆ పడవ అప్పటికే రేవుకి అంటుకుంది. తాడు పట్టుకునే ఎలియో జనాన్ని ఎక్కిస్తున్నాడు. స్మరంద వరసలో చివర. మా ఆయన రొప్పుతూ ఆమె ముందు నిలబడి, అలవాటుగా మళ్ళీ మొదలెట్టాడు: "గౌరవనీయులైన..."

ఆ పిల్ల ముఖం తిప్పేసుకుంది.

అంతే. ఈయనకి తిక్కరేగింది. ఇటాలియన్ నీళ్ళలో పడిపోయింది.

"ఒసేయ్ మొద్దుమొహందానా! పొద్దున్నించీ నడుం విరిగేలా పీతలు వేయించానే నీకోసం! నా పెళ్ళానికి కూడా ఎప్పుడూ ఇన్ని వేయించలేదు! చల్లారబెట్టి ఎక్కడికే పోతావ్, పదోవకా? పదోవలో ఏముందే, పొగమంచు! వంకరకాళ్ళ గాడిదా, దిగు!"

స్మరంద ఇంకా పడవెక్కలేదు, దిగడానికి. కానీ సంచీ కింద పడేసింది. కోపంలో ఆమెకి మా మాట కూడా చాలలేదు, తన సొంత రుమేనియా మాటే వచ్చింది:

"నన్నా గాడిదంటావ్, ముసలి మేకపోతా! ఇన్నాళ్ళూ నన్ను శవాన్ని చూసినట్టు చూసి, ఇప్పుడు పీతలంటావా? మేఘాలట మేఘాలు! నీ మేఘాలు నీ నెత్తిన కురవ!"

"మేకపోతా? నన్ను మేకపోతంటావా?"

"గడ్డం సరిగ్గా గీసుకోని మేకపోతువి!"

"గౌరవమిద్దామనుకున్నానే నీకు!"

"నాకొద్దు నీ గౌరవం! మీ వీధిలో అందర్నీ తిడతావ్, పాదిరీని తిడతావ్, నీ పెళ్ళాన్ని ఉప్పు తక్కువైతే తిడతావ్. నేనేం పాపం చేశాను?"

ఇద్దరూ ఎవరి మాటలో వాళ్ళు. మధ్యలో "ఏమన్నావ్?" అని ఒక్కసారి కూడా అడగలేదు. రేవంతా విన్నది, ఎవరికీ ఒక్క తిట్టు కూడా వృథా పోలేదు. గుమ్మాల్లోంచి కుర్చీలు ముందుకి జరిగాయి. సియోరా జైరా కిటికీ తెరిపించింది.

"ఇంతకీ ఎక్కుతారా, ఎక్కరా?" అని ఎలియో అరిచాడు.

ఇద్దరూ ఒక్కసారే అతనివైపు తిరిగి, ఎక్కడికి పోవాలో రెండు భాషల్లో చెప్పారు. ఎలియో నవ్వుతూ తాడు విప్పేశాడు. పడవ కదిలిపోయింది.

తర్వాత మా ఆయన సంచీ ఎత్తుకున్నాడు. "ఇందులో ఏం పెట్టావే, రాళ్ళా?" అని విసుక్కున్నాడు. "నడు. లోరిస్‌గాడు పీతలన్నీ తినేస్తాడు, సిగ్గులేనివాడు, దుఃఖంలో ఇంకా ఎక్కువ తింటాడు."

నిజంగానే సగం తినేశాడు.

ఈస్టర్ వెళ్ళాక పెళ్ళయింది. అప్పట్నుంచి మా ఇంట్లో నిశ్శబ్దమన్నది నేనెరగను. పైఅంతస్తులోంచి ఆమె, కిందనుంచి ఈయన. ఉతికిన బట్టలు కారుతున్నాయని, వలలు కంపు కొడుతున్నాయని, బిడ్డ పుట్టాక ఆ బిడ్డకి టోపీ పెట్టలేదని, పెట్టిందని. వీధిలో వాళ్ళు గడియారం చూడ్డం మానేశారు, మా ఇంటి అరుపులు విని భోజనాలకి లేచేవారు. ఏ తిట్టు ఎవరి ఊరిదో చివరికి నాకే తెలిసేది కాదు. ఇప్పటికీ కొన్ని వాడుతున్నాను, అవి మావో రుమేనియావో తెలీకుండానే.

పోయిన ఫిబ్రవరిలో ఆయనకి ఊపిరి ఆడడం కష్టమైంది. మంచం వంటింట్లోకి దింపాం, పొయ్యి వేడి తగులుతుందని. డాక్టరొచ్చి ఎలా ఉందని అడిగితే "అత్యంత సంతృప్తికరముగా నున్నది" అన్నాడు. డాక్టరు వెళ్ళాక కళ్ళు మూసుకున్నాడు. రెండు రోజులు నేనెంత బతిమాలినా చెంచాడు నీళ్ళు కూడా ముట్టలేదు. నేను ఏడుస్తూ బతిమాలాను, అదే పొరపాటు.

స్మరంద పైనుంచి దిగొచ్చి, చేపచారు గిన్నె లాక్కుని, మంచం అంచున కూర్చుంది. "నోరు తెరువు ముసలోడా. నాకు పనుంది" అంది.

ఆయన ఒక కన్ను తెరిచాడు. ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. తర్వాత చాలా స్పష్టంగా ఒక తిట్టు తిట్టాడు. అది ఇక్కడ రాయలేను, దోన్ సెవెరీనో కంటపడుతుంది. నోరు ఎలాగూ తెరిచాడు కాబట్టి ఆమె చెంచా పెట్టేసింది. మింగాడు.

ఆ తర్వాత ఇంకేమీ మాట్లాడకుండానే పోయాడు. న్యాయంగా ఆ తిట్టు నాకు దక్కాల్సింది. ఆయనతో ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, పక్కనే నిలబడి ఉన్నాను, ఆఖరి తిట్టు తీసుకెళ్ళి దాని ఒళ్ళో వేశాడు. ఆ మాటే స్మరందతో అంటే, "నీకెన్నో ఉన్నాయిగా అమ్మా, నాకా ఒక్కటి వదిలెయ్" అని గిన్నె కడగడానికి వెళ్ళింది.